రన్‌వే ఉంది సరే, విమానాలెన్ని?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. ఎయిర్‌పోర్టులు, యూనివర్సిటీలు కలిసి పైలట్ శిక్షణ ఇస్తామంటున్నాయి, నమ్మి చేరొచ్చా అని. నేను పైలట్‌ని కాదు. బేగంపేటలోనూ, తర్వాత కొన్ని చిన్న ఎయిర్‌పోర్టుల్లోనూ టవర్‌లో పనిచేసి రిటైరైన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌ని. శిక్షణ విమానాలు ఎలా ఎగురుతాయో, ఎందుకు ఎగరకుండా హ్యాంగర్లో ఉండిపోతాయో రోజూ చూసిన ఉద్యోగం నాది. అక్కడ చూసిందే చెబుతాను.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసైంది. పైలట్ అవుతానంటోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు మూడేళ్ల బీఎస్సీ ఏవియేషన్‌తో పాటు కమర్షియల్ పైలట్ లైసెన్సు కూడా వచ్చేలా చూస్తామన్నారు. ఒక ఎయిర్‌పోర్టుతో ఒప్పందం కూడా ఉందట. ఫీజులో ఎక్కువ భాగం ముందే కట్టమంటున్నారు. కట్టాలంటే పొలం అమ్మాలి. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: అయ్యా, పొలం కాగితాలు బీరువాలోనే ఉంచండి. ముందు అమ్మాయికి మెడికల్ చేయించండి. పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ. దాని గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర క్లాస్ 2, అది రాగానే క్లాస్ 1. కమర్షియల్ లైసెన్సుకు కావాల్సింది క్లాస్ 1. అది చేతికి రాకముందు ఏ స్కూలుకూ పెద్ద మొత్తం కట్టొద్దు. డబ్బు కట్టి, ఆర్నెల్లు చదివి, అప్పుడు మెడికల్‌లో ఆగిపోయిన పిల్లల బాధ చాలా పెద్దది.

ఇక డిగ్రీ సంగతి. మన దేశంలో సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, డిగ్రీ అవసరం లేదు. మీ అమ్మాయికి ఎంపీసీ ఉంది, అది చాలు. 18 ఏళ్లు నిండాలి, డీజీసీఏ పరీక్షలు ఒక్కో పేపరులో 70 శాతంతో పాసవ్వాలి, 200 గంటలు ఎగరాలి. ఆ 200లో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత పూర్తిగా తనదే అయి ఎగరాలి. ఆ వందలో 20 గంటలు క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటు నుంచి దూరంగా ఉన్న ఇంకో చోటికి ప్రయాణం. వాటిలో ఒక ప్రయాణం కనీసం 300 నాటికల్ మైళ్లు ఉండాలి. మన లెక్కలో సుమారు 555 కిలోమీటర్లు. దారిలో వేరే రెండు ఎయిర్‌పోర్టుల్లో దిగి, ఆగి, మళ్లీ లేవాలి. రాత్రిపూట 5 గంటలు, అందులో 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగులు ఉండాలి. బీఎస్సీ చదివినంత మాత్రాన ఈ గంటల్లో ఒక్కటి కూడా తగ్గదు. డిగ్రీ మంచిదే. రేపు మెడికల్ పోయినా, ఉద్యోగం ఆలస్యమైనా చేతిలో ఒక చదువు ఉంటుంది. కానీ మీరు పెట్టబోయే డబ్బులో పెద్ద వాటా ఫ్లయింగ్‌కి పోతుంది. కాబట్టి ముందు చూడాల్సింది ఫ్లయింగ్ స్కూలుని, యూనివర్సిటీని ఆ తర్వాత చూడొచ్చు.

ఎయిర్‌పోర్టుతో ఒప్పందం అంటే ఏమిటో అడగండి. చాలా సందర్భాల్లో అది హ్యాంగరుకు స్థలం, రన్‌వే వాడుకోవడానికి అనుమతి, అంతే. ఎగరడం నేర్పేది డీజీసీఏ ఆమోదం ఉన్న ఫ్లయింగ్ ట్రైనింగ్ ఆర్గనైజేషన్ మాత్రమే. యూనివర్సిటీ బ్రోషర్‌లో ఆ సంస్థ పేరు ఉందా? దాని ఆమోదం ఇప్పుడు చెల్లుబాటులో ఉందా? విమానాలు ఎవరివి? ఎన్ని ఉన్నాయని అడిగితే ఒక అంకె చెబుతారు. అది కాదు, ఈ రోజు ఎగరగలిగే స్థితిలో ఎన్ని ఉన్నాయి, స్పేర్ పార్టుల కోసం ఎన్ని ఆగి ఉన్నాయి అని అడగండి. ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు, పిల్లలు ఎందరు అని అడగండి. పోయిన నెలలో ఒక్కో విద్యార్థి ఎన్ని గంటలు ఎగిరాడో రికార్డు చూపించమనండి. అన్నిటికన్నా మంచి పద్ధతి, ఒక ఉదయం ఆరింటికల్లా వెళ్లి గేటు దగ్గర పిల్లలతో మాట్లాడటం. వాళ్లు దాచరు.

నేను టవర్ నుంచి చూసింది ఒకటి చెప్పాలి. 2008 మార్చిలో శంషాబాద్ వచ్చేదాకా బేగంపేటలో పెద్ద జెట్లు, శిక్షణ విమానాలు ఒకే రన్‌వే మీద నడిచేవి. ఫైనల్‌లో, అంటే దిగడానికి రన్‌వేకి ఎదురుగా, ఒక బోయింగ్ వస్తుంటే డౌన్‌విండ్‌లో, అంటే రన్‌వే పక్కగా దానికి సమాంతరంగా ఎగురుతూ ఉన్న ట్రైనీని అక్కడే గుండ్రంగా తిరగమనేవాళ్లం. జెట్ దిగాక కూడా వెంటనే పిలవలేం. దాని రెక్కల వెనక లేచిన సుడిగాలి చల్లారాలి. తేలికపాటి విమానానికి 3 నిమిషాల ఎడం ఇవ్వాలని నియమం. ఆ సమయమంతా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, విద్యార్థి బిల్లులో గంటలు పడుతూనే ఉంటాయి. ల్యాండింగ్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాడు గంటలో చేయాల్సినన్ని ల్యాండింగులు చేయలేక తిరిగి వెళ్లేవాడు. రేడియోలో ఆ గొంతు దిగులుగా వినిపించేది. జెట్లు రోజుకు రెండో మూడో వచ్చే చిన్న ఎయిర్‌పోర్టులో ఈ ఇబ్బంది ఉండదు. శిక్షణకు ప్రాంతీయ ఎయిర్‌పోర్టులే సరైనవని నేననేది ఇందుకే.

అయితే చిన్న ఎయిర్‌పోర్టుకి ఇంకో చిక్కుంది. టవర్ పనిచేసే వేళల్ని వాచ్ అవర్స్ అంటాం. చాలాచోట్ల అవి ఎయిర్‌లైన్ షెడ్యూలును బట్టి ఉంటాయి. ఉదయం ఆరింటికి గాలి నిమ్మళంగా ఉండి శిక్షణకు అనువుగా ఉంటుంది. టవర్ తొమ్మిదింటికి తెరిస్తే ఆ మూడు గంటలూ పోయినట్టే. సాయంత్రం ఆరింటికి మూస్తే రాత్రి 5 గంటలు ఎక్కడ ఎగురుతారు? ఒప్పందంలో వాచ్ అవర్స్ గురించి ఒక్క వాక్యమైనా ఉందేమో చూడండి.

మీకు దగ్గర్లోనే కడప ఎయిర్‌పోర్టు ఉంది. 2020లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఫ్లయింగ్ స్కూళ్ల విధానాన్ని మార్చింది. స్కూళ్లు ఆదాయంలో వాటా ఇవ్వాల్సిన పద్ధతి తీసేసి, స్థలం అద్దె తగ్గించింది. దాని కింద 2021లో బెళగావి, జల్గావ్, కలబురగి, ఖజురహో, లీలాబరి ఎయిర్‌పోర్టుల్లో స్కూళ్లకు చోటిచ్చారు. 2022లో రెండో విడతగా భావ్‌నగర్, హుబ్బళ్లి, కిషన్‌గఢ్, సేలంతో పాటు కడపను ఎంపిక చేశారు. కడప ఎండ మీకు తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వేడి గాలి పల్చబడి చిన్న విమానం త్వరగా పైకి లేవదు, కుదుపులు కూడా ఎక్కువ. కానీ ఉత్తరాదిలోలాగా డిసెంబరు, జనవరిల్లో రోజుల తరబడి పొగమంచు కమ్మదు. ఏడాది మొత్తం లెక్కేస్తే మన రాయలసీమ ఆకాశం శిక్షణకు మంచిదనే నా అభిప్రాయం.

ఇంకొకటి. 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది. మొదటి జాబితాలో పై రెండు గ్రేడులు ఒక్క స్కూలుకీ దక్కలేదు. మీకు చెప్పిన స్కూలు ఆ జాబితాలో ఎక్కడుందో చూసి, అప్పుడు మాట్లాడండి. ఫీజు మొత్తం ముందు కట్టమంటే ఒప్పుకోవద్దు. ఎగిరిన గంటలను బట్టి విడతలుగా కడతామనండి. మధ్యలో స్కూలు ఆగిపోతే మిగిలిన డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో రాతలో తీసుకోండి. దానికి ఒప్పుకోని చోట మీ పొలం డబ్బు పెట్టకండి.

ప్రశ్న: మా కాలేజీ యాజమాన్యం దగ్గర్లోని ఎయిర్‌పోర్టుతో కలిసి ఏవియేషన్ డిగ్రీ పెట్టాలనుకుంటోంది. ఇలాంటివి ఎక్కడైనా బాగా నడిచాయా? మేము ముందుగా ఏం చూసుకోవాలి?
– ఒక లెక్చరర్, కర్నూలు

జవాబు: బాగా నడిచింది ఒకటి, ఆగిపోయినా పిల్లల్ని వదలనిది ఒకటి చెబుతాను. రెండూ అమెరికావే. ఈ పద్ధతి అక్కడ చాలా పాతది. ఇండియానాలో పర్డ్యూ యూనివర్సిటీకి 1930లలోనే సొంత ఎయిర్‌పోర్టు ఉంది.

ఉత్తర డకోటాలో గ్రాండ్ ఫోర్క్స్ అరవై వేల లోపు జనాభా ఉన్న ఊరు. అక్కడి యూనివర్సిటీలో 1968లో జాన్ ఓడెగార్డ్ అనే ఆయన రెండు విమానాలతో ఏవియేషన్ శాఖ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ కాలేజీకి ఆయన పేరే ఉంది, విమానాలు వంద దాటాయి. ఎయిర్‌పోర్టు యూనివర్సిటీది కాదు, స్థానిక ఎయిర్‌పోర్టు అథారిటీది. యూనివర్సిటీ అక్కడ అద్దెకున్న సంస్థ. కానీ ఆ ఎయిర్‌పోర్టులో జరిగే టేకాఫ్‌లు, ల్యాండింగుల్లో ఎక్కువ భాగం విద్యార్థులవే. వాటి వల్లే ఆ చిన్న ఊరి ఎయిర్‌పోర్టు విమానాల రాకపోకల సంఖ్యలో దేశంలోని పెద్ద ఎయిర్‌పోర్టులతో పోటీ పడుతుంది. అక్కడ నాలుగు రన్‌వేలున్నాయి, రెండేసి చొప్పున సమాంతరంగా రెండు జతలు. జెట్ ఒకదాని మీద దిగుతుంటే పిల్లలు ఇంకోదాని మీద టచ్ అండ్ గోలు, అంటే దిగీ దిగగానే మళ్లీ లేవడం, చేసుకుంటారు. బేగంపేటలో మేము పడ్డ పాట్లు గుర్తొచ్చి, ఆ మ్యాపు చూసినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. మిషిగన్‌లో కార్న్‌ఫ్లేక్స్‌కి పేరుపడ్డ బ్యాటిల్ క్రీక్ ఊళ్లోనూ అంతే. 1997లో వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ ఫ్లయింగ్ అక్కడి ఎయిర్‌పోర్టుకు మారింది. తర్వాత పెద్ద రన్‌వే పక్కనే చిన్నది ఒకటి వేశారు.

ఇక రెండోది. ఇల్లినాయ్ యూనివర్సిటీకి విలార్డ్ అనే సొంత ఎయిర్‌పోర్టు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో అక్కడ ఏవియేషన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. అరవై ఏళ్లకు పైగా నడిచింది. 2011లో డబ్బు ఇబ్బందుల్లో ఉన్న యూనివర్సిటీ ట్రస్టీలు దాన్ని మూసేయాలని ఓటు వేశారు. రన్‌వే సొంతం, పేరు సొంతం, అనుభవం సొంతం, అయినా మూతపడింది. కానీ మర్నాడే తాళం వేయలేదు. అప్పటికే చేరినవాళ్ల చదువుకు కొన్నేళ్ల గడువిచ్చారు. ఈలోగా పక్కనే ఉన్న పార్క్‌ల్యాండ్ అనే రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ ముందుకొచ్చింది. 2014 నుంచి శిక్షణ ఆ కాలేజీ చేతికి వెళ్లింది. అదే విలార్డ్ ఎయిర్‌పోర్టు నుంచి పిల్లలు ఇంకా ఎగురుతున్నారు.

మీ యాజమాన్యానికి ఈ రెండో కథే వినిపించండి. ఒప్పందాలన్నీ సంతోషంగా ఉన్న రోజున రాసుకుంటారు, ఫొటోలు దిగుతారు. నేను ముందు చూసేది మాత్రం, ఎవరో ఒకరు తప్పుకున్న రోజున 120 గంటల దగ్గరున్న విద్యార్థిని ఎవరు 200కి చేరుస్తారన్నది. దానికి డబ్బు ఎక్కడ ఉంచుతారు, ఇంకో ఫ్లయింగ్ స్కూలుతో ముందే మాట్లాడి ఉంచారా? ఇది రాతలో లేని ఒప్పందం మీద మీ కాలేజీ పేరు పెట్టొద్దని నా మనవి. సెమిస్టరు ఫెయిలైతే మళ్లీ రాసుకోవచ్చు. సగంలో ఆగిన ఫ్లయింగ్‌తో ఆ కుటుంబం అప్పుల్లో పడుతుంది.

ఇంకో మాట కూడా అడగకుండానే చెబుతున్నాను. మీరు విమానాల జోలికి వెళ్లకుండా కూడా చాలా చేయొచ్చు. మన పిల్లలు సీపీఎల్‌లో తడబడేది ఎక్కువగా నావిగేషన్, మెటియరాలజీ పేపర్లలో. మీ దగ్గర ఫిజిక్స్, మ్యాథ్స్, జాగ్రఫీ చెప్పేవాళ్లు ఉన్నారు. రిటైరైన వాతావరణ శాఖ అధికారినో, నావిగేటర్‌నో తెచ్చుకుని ఈ సబ్జెక్టులు గట్టిగా చెప్పండి. ఎయిర్‌పోర్టుకు ఫ్లైట్ డిస్పాచ్, గ్రౌండ్ ఆపరేషన్స్ తెలిసిన పిల్లలు కూడా కావాలి. గ్రాండ్ ఫోర్క్స్ యూనివర్సిటీ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో కూడా డిగ్రీ ఇస్తుంది. మన దగ్గర ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లో కేంద్రం ముందు ఫ్లయింగ్ అకాడమీ పెట్టింది. అది 1980ల నుంచి ఉంది. అక్కడి ఏవియేషన్ యూనివర్సిటీ 2013 చట్టంతో తర్వాత వచ్చింది. ఎగరడం నేర్పే చోటు ముందు కుదురుకోవాలి, డిగ్రీ దాని పక్కన చేరాలి. నాకు ఈ వరసే నచ్చుతుంది.

ప్రశ్న: మేడమ్, నేను అమెరికా వెళ్లి పైలట్ అవ్వాలనుకుంటున్నాను. యూనివర్సిటీలో నాలుగేళ్ల ఏవియేషన్ డిగ్రీ చేస్తే మంచిదా, మామూలు ఫ్లయింగ్ స్కూల్లో ఏడాదిలో పూర్తిచేస్తే మంచిదా? మా అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు, డిగ్రీయే బెటర్ అంటున్నాడు.
– ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: బాబూ, మీ అన్నయ్య చెప్పింది అక్కడివాళ్ల విషయంలో నిజం. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ తర్వాత 2010లో చట్టం తెచ్చారు, 2013 నుంచి ఎయిర్‌లైన్ కో పైలట్‌కి కూడా 1500 గంటలు తప్పనిసరి చేశారు. అయితే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ అనుమతి ఉన్న యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ చేసి, అక్కడే శిక్షణ పొందినవాళ్లకు 1000 గంటలు చాలు. అంటే డిగ్రీ వల్ల చట్టం ప్రకారమే 500 గంటలు తగ్గుతాయి. ప్రాంతీయ ఎయిర్‌పోర్టులూ యూనివర్సిటీలూ అక్కడ అంతగా కలిసి పనిచేయడానికి ఇదొక పెద్ద కారణం.

నువ్వు తిరిగొచ్చి మన ఎయిర్‌లైన్స్‌లో చేరాలనుకుంటే ఆ 500 గంటల లాభం నీకు పనికిరాదు. ఇక్కడ అడిగేది డీజీసీఏ లైసెన్సు. అక్కడి లైసెన్సును ఇక్కడ మార్చుకోవాలి, ఇక్కడి పరీక్ష రాయాలి, ఇక్కడి క్లాస్ 1 మెడికల్ ఉండాలి. ఇప్పటికే ఇంజినీరింగ్ చదువుతున్నావు, ఇంకో నాలుగేళ్ల డిగ్రీకి అంత ఖర్చు పెట్టమని నేను చెప్పలేను. అక్కడే ఉండి ఇన్‌స్ట్రక్టర్‌గా గంటలు పెంచుకోవాలని ఉంటే లెక్క మారుతుంది. డిగ్రీ విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు చదువయ్యాక సాధారణంగా ఏడాది పాటు ఓపీటీలో, అంటే చదివిన రంగంలో అనుభవం కోసం ఇచ్చే అనుమతి మీద, పనిచేసే వీలుంటుంది. కానీ ఎయిర్‌లైన్ ఉద్యోగానికి అక్కడ శాశ్వతంగా పనిచేసే హక్కు లేకపోతే దారి దాదాపు మూసుకుపోతుంది. ఎక్కడ ఉద్యోగం చేయాలో ముందు తేల్చుకుని, తర్వాత కాలేజీ వెతుక్కో. వెళ్లేముందు మన క్లాస్ 1 మెడికల్ ఇక్కడే చేయించుకుని వెళ్లు.

ప్రశ్న: మా ఊరి పక్క ఎయిర్‌పోర్టులో ట్రైనింగ్ స్కూలు వస్తుందంటున్నారు. రోజంతా తలమీద విమానాలు తిరుగుతాయా? స్కూలు పిల్లలకు ఇబ్బంది కాదా?
– గృహిణి, ఊరి పేరు వద్దన్నారు

జవాబు: తిరుగుతాయమ్మా. దాచిపెట్టి లాభం లేదు. సర్క్యూట్ అంటే రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రాకారంలో మళ్లీ మళ్లీ తిరగడం. మీ ఇల్లు ఆ దారి కింద ఉంటే చప్పుడు వినిపిస్తుంది. జెట్‌తో పోలిస్తే చిన్నదే, కానీ ఆగకుండా వస్తుంది. సర్క్యూట్‌ను రన్‌వేకి ఎడమవైపు పెట్టాలా, కుడివైపు పెట్టాలా అన్నది మొదట్లోనే నిర్ణయించొచ్చు. ఊరు ఒక పక్క, చేలు ఇంకో పక్క ఉంటే చేలవైపు తిప్పమని అడగొచ్చు. శిక్షణ మొదలయ్యే లోపే పంచాయతీ తరఫున ఎయిర్‌పోర్టు డైరెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. రాత్రి ఫ్లయింగ్ వారంలో ఏ రోజులో, ఎన్నింటి వరకో కూడా అడగండి. అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: మేడమ్, నేను ఒక యూనివర్సిటీ ఇంటిగ్రేటెడ్ కోర్సులో చేరాను. 140 గంటలయ్యాక విమానాలు ఆగిపోయాయి. మా ఫ్లయింగ్ స్కూలుకూ యూనివర్సిటీకీ గొడవ. ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాను. అమ్మానాన్నల మొహం చూడాలంటే టెన్షన్‌గా ఉంది. నా గంటలు పోయినట్టేనా?
– విద్యార్థిని, రాజమండ్రి

జవాబు: పోలేదు తల్లీ. కానీ కాలం నడుస్తోంది, అది తెలుసుకో. సీపీఎల్‌కి చూపించే 200 గంటలు దరఖాస్తు తేదీకి ముందు ఐదేళ్లలోపువి అయి ఉండాలి. నీ లాగ్‌బుక్ తీసి మొదటి ఎంట్రీ తేదీ చూడు, దాన్నుంచి ఐదేళ్లు లెక్కపెట్టు. నీకు మిగిలిన సమయం అదే.

ఈ వారంలోనే ఆ స్కూలుకి వెళ్లు, నాన్నగారిని వెంట తీసుకెళ్లు. లాగ్‌బుక్‌లో ప్రతి పేజీ మీద చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ సంతకం ఉందో లేదో చూడు. లేకపోతే ఆయన ఆ ఉద్యోగంలో ఉండగానే చేయించుకో. స్కూలు మూతపడ్డాక ఆ సంతకం కోసం తిరగడం చాలా కష్టం. నీ పేరుతో ఉన్న ఫ్లయింగ్ రికార్డు నకలు, ట్రైనింగ్ ప్రోగ్రెస్ రిపోర్టు, కట్టిన ఫీజు రసీదులు అడుగు. లాగ్‌బుక్ గంటలు విమానాల రికార్డుతో సరిపోవాలి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకో. మెడికల్ గడువు ఎప్పటిదాకా ఉందో చూసి, దగ్గరపడితే రెన్యూ చేయించు.

తర్వాత ఇంకో ఆమోదం ఉన్న స్కూలుకి మారడానికి దరఖాస్తు చెయ్యి. వాళ్లు నిన్ను ముందు కొన్ని గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరమంటారు, ఏడాది ఖాళీ వచ్చింది కదా, అది న్యాయమే. ఆ గంటలకూ డబ్బు అడుగుతారు, ముందే బేరం మాట్లాడుకో. కట్టేసిన ఫీజులో ఎగరని గంటల డబ్బు కోసం యూనివర్సిటీకి, స్కూలుకి ఇద్దరికీ వేర్వేరుగా రిజిస్టర్డ్ పోస్టులో రాయి. గొడవ వాళ్లిద్దరిది. నువ్వు డబ్బు కట్టింది ఎవరి ఖాతాకో రసీదు చెబుతుంది, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాల్సొస్తే ఆ రసీదే ఆధారం. డీజీసీఏకి కూడా ఒక ఫిర్యాదు పంపు.

ఈ కాగితాలు చేతికొచ్చాక ఇంకో ఉత్తరం రాయి. నీ లాగ్‌బుక్ మొదటి ఎంట్రీ తేదీ, మెడికల్ గడువు తేదీ, ఇంకా మిగిలిన పేపర్లు ఏవో అందులో రాయి. 60 గంటల్లో ఏది ముందు, ఏది తర్వాత ఎగరాలో ఇద్దరం కూర్చుని లెక్కేద్దాం.